గట్టున పెట్టాల్సింది ఒట్టు కాదు

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో రూట్ 340 చుట్టుపక్కల తిరుగుతుంటే, కొన్ని ఇళ్లకు ఎడంగా, పొలంలోకి దారి మళ్లేచోట, మన చేలల్లో మోటారు షెడ్డంత చెక్కగది కనిపిస్తుంది. లోపల ఒక చిన్న బల్ల, నంబర్లు రాసుకున్న పుస్తకం, ఒక ల్యాండ్‌లైన్ ఫోను. చాలాచోట్ల రెండు మూడు ఆమిష్ కుటుంబాలకు కలిపి అదొక్కటే. డాక్టరుతో మాట్లాడాలన్నా, పశువుల దాణాకి చెప్పాలన్నా ఇంట్లోంచి లేచి అక్కడిదాకా నడవాలి. జనవరిలో అయితే మంచు తొక్కుకుంటూ నడవాలి. ఊసుపోక ఫోను చేసేవాడు అంత దూరం రాడు. పనున్నవాడే వస్తాడు. ఆ గదిని అంత దూరాన కట్టుకున్నది అందుకే.

మన పద్ధతి వేరు. ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటాం. రాత్రి పది దాటాక ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంటాం. పదింపావుకి ఆ ఒట్టు తీసి గట్టున పెడతాం. వాళ్లు ఆ గొడవంతా లేకుండా ఫోనునే తీసి గట్టున పెట్టారు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు సంకల్పబలం గురించి చెప్పేదాంట్లో సగం ఈ ఒక్క చెక్కగది ముందు తేలిపోతుందని నా అభిప్రాయం. రోజుకు నూరుసార్లు మనసుతో కుస్తీ పట్టి గెలవాలనుకునేవాడు నూటొకటోసారి ఓడిపోతాడు. వస్తువును ఎక్కడ పెట్టాలో ఒక్కసారి తేల్చుకున్నవాడికి అసలు కుస్తీయే లేదు. ఈ సంగతి పుస్తకంలో చదివితే తలకెక్కదు. వీలుంటే ఆ పొలాల మధ్య, ఆర్వీ అనే చక్రాల ఇల్లు నిలుపుకునే ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు మూడు రాత్రులు ఉండి చూడండి. హోటల్లో దిగి, గుర్రబ్బండి ఎక్కి, జామ్ సీసాలు కొనుక్కుని సాయంత్రానికి తిరిగి వచ్చేస్తే అదంతా తిరునాళ్ల సరదాలాగే మిగిలిపోతుంది.

ముందు వాళ్లెవరో రెండు ముక్కల్లో. స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో, పెద్దయ్యాక సొంత నిర్ణయంతోనే బాప్తిస్మం తీసుకోవాలని నమ్మిన క్రైస్తవుల్లోంచి 1693లో యాకోబ్ అమ్మన్ అనే పెద్ద వెంట వేరుపడినవాళ్లు ఆమిష్‌లు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు రావడం మొదలుపెట్టారు. ఐరోపాలో ఇప్పుడు వాళ్ల సంఘం ఒక్కటీ మిగల్లేదు. ఉత్తర అమెరికాలో మాత్రం 4 లక్షలు దాటారు. ఒహాయోలో హోమ్స్ కౌంటీ, ఇండియానాలో షిప్షెవానా చుట్టుపక్కల కూడా పెద్ద పెద్ద స్థావరాలున్నాయి. అమెరికాలోని మనవాళ్లకు ఎక్కువగా తెలిసింది లాంకాస్టరే. న్యూజెర్సీ, మేరీల్యాండ్, వర్జీనియాల నుంచి కారులో కొన్ని గంటల దారి. పక్కనే హెర్షీ చాక్లెట్ ఊరు కూడా ఉంది కాబట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించాల్సిన జాబితాలో నయాగరా తర్వాత వచ్చేది ఇదే.

చాలామంది అనుకున్నట్టు ఆమిష్‌లు యంత్రమంటే బెదిరేవాళ్లు కాదు. తీగ మీద వచ్చే కరెంటును 1920 ప్రాంతంలోనే వద్దనుకున్నారు కానీ, ఇంట్లో గ్యాసుతో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. కుట్టుమిషన్లు, కార్ఖానా యంత్రాలు గాలి ఒత్తిడితో తిరుగుతాయి. బ్యాటరీలున్నాయి, కొన్ని ఇళ్లమీద సోలార్ పలకలూ ఉన్నాయి. కారు ఎక్కుతారు, డ్రైవరుని డబ్బిచ్చి పెట్టుకుంటారు. కానీ కొనరు, నడపరు. లాంకాస్టర్‌లో పిల్లలూ పెద్దలూ కాలితో తోసుకునే స్కూటర్ల మీద తిరుగుతారు. సైకిలు మాత్రం కూడదు, అది మరీ దూరం తీసుకుపోతుంది. ఇండియానాలో సైకిలు తొక్కుతారు. ఏ సంఘం లెక్క ఆ సంఘానిదే.

బయటివాళ్లకు ఇది పిచ్చి లెక్కలా కనిపిస్తుంది. ట్రాక్టరు సంగతి చూడండి. కొట్టం దగ్గర నిలబెట్టి, బెల్టు తగిలించి ఇంకో యంత్రం తిప్పుకోవడానికి అది పనికొస్తుంది. చేలోకి మాత్రం దిగకూడదు. చేలో మ్యూల్సే, అంటే కంచరగాడిదలే, లాగాలి. కారణం సూటిగా ఉంటుంది. చేలో ట్రాక్టరు దిగితే ఒక్కడే వంద ఎకరాలు దున్నగలడు. అప్పుడు పక్కవాడి సాయం అక్కర్లేదు, పక్కవాడి పొలమూ కొనేయాలనిపిస్తుంది, కొడుకులకి పని ఉండదు. కారు కొంటే చుట్టాలు యాభై మైళ్ల అవతల కాపురం పెడతారు. వాళ్ల ప్రార్థనలు చర్చి భవనంలో జరగవు, వారం విడిచి వారం ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతాయి. బెంచీలు కూడా బండి మీద ఇంటింటికీ తిరుగుతాయి. గుర్రం పోగలిగిన దూరంలో ఉన్న ముప్పై నలభై ఇళ్లే ఒక సంఘం. అంతకు మించితే రెండుగా చీలుతుంది.

అంటే, కొత్త వస్తువు వచ్చినప్పుడు మనం దాని ధర అడుగుతాం, ఫీచర్లు అడుగుతాం, ఈఎంఐ అడుగుతాం. వాళ్లు అడిగేది ఒక్కటే: ఇది వస్తే మనం ఒకరికొకరం ఏమవుతాం? 1960లలో పాల కంపెనీలు చల్లబరిచే పెద్ద ట్యాంకులు పెట్టుకోవాల్సిందేనని పట్టుబట్టినప్పుడు లాంకాస్టర్ ఆమిష్ రైతులు గుడ్డిగా కాదనలేదు, తలొంచి ఔననీ అనలేదు. ట్యాంకులు డీజిల్‌తో నడుపుకుంటాం, ఆదివారం మాత్రం పాలు తీసుకెళ్లడానికి రావద్దు అన్నారు. మన ఇంట్లోకి వచ్చే ఆఫీసు పనికి ఇలాంటి షరతు ఒక్కటైనా పెట్టామా?

ఇప్పుడు క్యాంప్‌గ్రౌండ్‌లోకి వద్దాం. రాంక్స్, గార్డన్‌విల్, స్ట్రాస్‌బర్గ్ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి. ఇక్కడొక తమాషా ఉంది. ఇల్లు, మంచం, పొయ్యి, టీవీ, ఏసీ అన్నీ చక్రాల మీద పెట్టుకుని, అవేవీ అక్కర్లేదన్నవాళ్ల పక్కన మకాం వేయడానికి జనం అంత దూరం వస్తారు. కంచెకు ఇటువైపు శాటిలైట్ డిష్‌లు, అటువైపు మొక్కజొన్న చేను, దాని వెనక ఆరేసిన బట్టల తాడు. సోమవారం వెళ్తే ఆ తాడు చివరిదాకా నిండి ఉంటుంది, అది వాళ్లకు బట్టలుతికే రోజు. ఎరువు వాసన కూడా ధరలో కలిసే ఉంటుంది. వసంతకాలంలో వెళ్లేవాళ్లు ముక్కు సంగతి ముందే చూసుకోవాలి.

ఆర్వీ గొప్పతనం సౌకర్యాల్లో లేదు. ఇంట్లో గోడల వెనక దాక్కున్న లెక్కలన్నీ ఇక్కడ బయటపడతాయి, గొప్పంతా అక్కడుంది. మామూలు స్థలంలో మీకిచ్చేది 30 ఆంపియర్ల కరెంటు. 120 వోల్టుల లెక్కన 3,600 వాట్లు. పైకప్పు మీది ఏసీ దాదాపు 1,500 మింగుతుంది. మైక్రోవేవ్‌లో పిల్లలకి పాలు పెట్టి, అటుపక్క కరెంటు కెటిల్లో టీ నీళ్లు మరిగించారా, టక్కున బ్రేకరు పడిపోతుంది. మొదటి రోజు ప్రతి కుటుంబంలోనూ కాసేపు ఒకరినొకరు తిట్టుకోవడం ఉంటుంది. రెండో రోజు పొద్దున్నకి ఎవరూ చెప్పకుండానే "ఏసీ ఆపాను, కెటిల్ పెట్టుకో" అనడం మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం కోసం మానవ సంబంధాల మీద రెండు రోజుల వర్క్‌షాపులు పెడతారు మన కంపెనీలు.

నీళ్ల కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. డ్రైనేజి గొట్టం లేని స్థలం తీసుకున్నారనుకోండి. స్నానానికీ గిన్నెలకీ వాడిన నీళ్లు బండి కింద ట్యాంకులోనే చేరతాయి. చిన్న బండ్లలో అది 30 గ్యాలన్లు, అంటే 115 లీటర్ల దరిదాపు. షవరు నిమిషానికి 2 గ్యాలన్లు పోస్తుంది. పది నిమిషాల స్నానానికి 20 గ్యాలన్లు అయిపోయాయి. రెండోవాడు తలకు సబ్బు రాసుకునేసరికి ట్యాంకు నిండుతుంది. మరుగుదొడ్డి ట్యాంకు వేరు. దాన్ని ఖాళీ చేసే పని ఎవరో వచ్చి చేయరు, గ్లవుజులు తొడుక్కుని మీరే చేయాలి. ముందు మరుగుదొడ్డిది, తర్వాత వాడుకనీళ్లది. ఈ వరస తప్పితే గొట్టం కడగడానికి కాస్త మురికి తక్కువ నీళ్లు మిగలవు. ఇంట్లో చెత్త బకెట్టు ముట్టుకోని కుర్రాళ్లకు ఈ పని ఒకసారి అప్పజెప్పి చూడండి. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆర్వీలో హద్దు ట్యాంకు పెట్టింది. ఇంటికి తిరిగి రాగానే ట్యాంకు పోతుంది, హద్దూ పోతుంది, షవరు కింద మళ్లీ అరగంట. కంచె అవతలివాళ్లు పెట్టుకున్న హద్దు కొనసాగుతోందంటే, అది వాళ్లు కూర్చుని మాట్లాడి పెట్టుకున్నది కాబట్టి. ఏటా రెండుసార్లు, వసంతంలోనూ శరదృతువులోనూ, ప్రభు భోజన సంస్కారానికి ముందు సంఘమంతా కూడి తమ కట్టుబాట్లను తిరిగి చర్చకు తెచ్చుకుని ఒప్పుకుంటారు. ఆర్డ్‌నుంగ్ అనే ఆ కట్టుబాట్లలో ఎక్కువ భాగం కాగితం మీద ఉండదు, అందరి బుర్రల్లో ఉంటుంది. కొన్ని మారతాయి కూడా. మనం జనవరి ఒకటిన ఒంటరిగా తీర్మానం చేసి, ఎవరికీ చెప్పకుండా ఫిబ్రవరిలో ఒంటరిగా దాన్ని పూడ్చిపెడతాం.

శనివారం చేరినవాళ్లకు ఆదివారం ఒక షాక్ తగులుతుంది. ఆమిష్ దుకాణాలు మూత. రోడ్డు పక్కన కూరగాయలమ్మే బల్లలు ఖాళీ. ఎంత రద్దీ సీజన్ అయినా, ఎన్ని కార్లు వచ్చి ఆగినా తెరవరు. వాళ్లకు డబ్బు చేదేం కాదు, ఎవరితోనైనా సమంగా బేరం చేయగల వ్యాపారులు. అయినా వారంలో ఒక రోజును గల్లాపెట్టెకు అందకుండా పెట్టారు. కాబట్టి గుడ్లు, పాలు, కాయగూరలు శనివారమే కొనుక్కోండి, నగదు దగ్గర పెట్టుకోండి. చిన్న బల్లల దగ్గర కార్డు గీసే మిషన్ ఉండదు. కొన్నిచోట్ల మనిషే ఉండడు, డబ్బు వేయడానికి డబ్బా ఉంటుంది. శాకాహారులకు ఇంకో మాట: పై అనే తీపి రొట్టెల అంచుల్లో పందికొవ్వు వేయడం అక్కడి పాత అలవాటు, చిక్కుడుకాయల కూరలో హ్యామ్ ముక్కలు పడతాయి. మొహమాటపడకుండా అడగండి. నిజం చెబుతారు.

దారిలో గుర్రబ్బండి వెనక చిక్కుకుంటారు. తప్పదు. లాంకాస్టర్‌లో అవి బూడిదరంగువి, వెనక నారింజ రంగు త్రికోణం ఉంటుంది. గంటకు ఎనిమిది పది మైళ్లకు మించి పోవు. మీ వెనక ఇంకో పది కార్లు, మీది ముప్పై అడుగుల బండి. హారన్ కొడితే గుర్రం బెదురుతుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే, రోడ్డు బాగా కనబడేదాకా ఆగి, ఎడం ఇచ్చి దాటడం. ఆ కాసేపట్లో స్టీరింగు మీద మీ వేళ్లు ఏం చేస్తున్నాయో చూసుకోండి. మీ ఓపిక ఎంతో మీ రెజ్యూమే కంటే అవి బాగా చెబుతాయి. మ్యాపు చూపించినా పైకప్పున్న చెక్క వంతెనల మీదికి ఆర్వీ తోలకండి. ఎత్తూ సరిపోదు, బరువూ సరిపోదు. బండి ఎత్తు ఎన్ని అడుగులో కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించుకోవడం మంచిది.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఇంకో రకం గమ్మత్తు. మడికట్లో ఎడ్లు తోలిన మనిషికి మ్యూల్స్ దున్నడం వింత కాదు. "ఇది చూపించడానికా ఇంత పెట్రోలు తగలేశావు" అంటాడు. అక్కడితో వదిలేయకండి. సాయంత్రం క్యాంప్‌ఫైర్ దగ్గర కూర్చోబెట్టి అడగండి: మన ఇంటికి కరెంటు ఎప్పుడొచ్చింది, రేడియో ఎప్పుడు, టీవీ ఎప్పుడు, ఒక్కోటి వచ్చాక ఇంట్లో ఏం మారింది? 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే ఆదివారాలు గుర్తున్నవాళ్లు చెబుతారు. వీధికొక టీవీ ఉండేది, వీధంతా ఒకే ఇంట్లో ఉండేది. టీవీ మనుషుల్ని విడదీస్తుందనే మాట అప్పటికి అబద్ధం. గదికొకటి అయ్యాక నిజమైంది. యంత్రం అదే, ఎందరి మధ్య ఎంత దూరంలో పెట్టామన్నది మారింది. ఆమిష్‌లు తరతరాలుగా చర్చించేది దీన్నే. మన నాన్నలు దాన్ని అనుభవించారు కానీ వాళ్లని ఎవరూ అడగలేదు.

ఇదంతా విని వాళ్లు దేవతలని అనుకోవద్దు. ఆమిష్ పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దానికి ఒప్పుకుంది. నా కూతురి విషయంలో నేను ఒప్పుకోను. బాప్తిస్మం తీసుకున్నాక సంఘం విడిచిపెడితే సొంతవాళ్లే వెలివేస్తారు, ఒకే బల్ల మీద భోంచేయరు. అది కఠినమైన విషయం. తీసుకోవాల్సింది వాళ్ల నియమాల పట్టీ కాదు, నియమం పెట్టుకునే పద్ధతి. గుర్రబ్బండి కొనమని ఎవరూ అనట్లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో గుర్రానికి మనకంటే ముందు పిచ్చెక్కుతుంది.

అన్నట్టు ఫోటోలు. మొహం కనబడేలా తమను ఫోటో తీయడం వాళ్లకు ఇష్టం ఉండదు. విగ్రహాలు చేయకూడదన్న బైబిలు ఆజ్ఞ ఒక కారణం, తనను తాను చూపించుకోవడం పొగరన్న భావం ఇంకో కారణం. పొలాలు తీసుకోండి, కొట్టాలు తీసుకోండి, మనుషుల్ని వదిలేయండి. మీ స్టేటస్‌లో వాళ్లు లేకపోయినంత మాత్రాన మీరు అక్కడికి వెళ్లలేదని ఎవరూ అనరు.

తిరిగొచ్చాక ఏం చేయాలి? వస్తువుల్ని వదిలేయడంతో మొదలుపెట్టకండి, జరపడంతో మొదలుపెట్టండి. ఫోను ఛార్జరు పడగ్గదిలోంచి వంటింట్లోకి జరగాలి, అలారానికి మామూలు గడియారం కొనుక్కుంటే సరి. తిండి తెచ్చిపెట్టే యాప్ తీసేయనక్కర్లేదు, దాంట్లో దాచిన కార్డు నంబరు చెరిపేస్తే చాలు. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సివస్తే సగం బిర్యానీలు ఆగిపోతాయి. వీడియో గేముల పెట్టె పిల్లల గదిలో కాకుండా హాల్లో, అందరి మధ్యా ఉండాలి. ఆఫీసు మెయిలు ఫోనులో వద్దు, లాప్‌టాప్‌లోనే. ఆ లాప్‌టాప్ సంచీలో, సంచీ బీరువాలో. జరపడానికి ఇనప మనసు అక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం ఓ గంట చాలు. దూరం కూడా కొలిచి పెట్టండి. మరీ దగ్గరైతే పని చేయదు, మరీ దూరమైతే మూడో రోజుకి వెనక్కి తెచ్చేస్తారు. లేచి నాలుగడుగులు వేస్తే తప్ప అందకూడదు, నిజంగా అవసరమైతే మాత్రం అందాలి. కొన్ని ప్రయత్నాలతో గానీ ఆ దూరం తేలదు.

ఇది ఒక్కరే చేయకండి. ఒక్కరే మొదలుపెడితే ఇంట్లో మిగతావాళ్లకు అది వేషంలా కనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఉగాది దగ్గర ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి, ఇంటిల్లిపాదీ కూర్చోండి. గత ఆరు నెలల్లో ఇంట్లోకి కొత్తగా వచ్చినవేంటి, అవి ఎవరి టైము తిన్నాయి, ఏది ఎక్కడికి జరగాలి అని అడగండి. కొన్న ధర ఎంతన్న చర్చ వద్దు, అది మొదలైతే ఇంకేదీ తేలదు. మాట్లాడే హక్కు పదేళ్ల పిల్లకీ ఉండాలి, ఆ పిల్ల మాటకీ మీ మాటంత విలువే ఉండాలి. ఆ పిల్ల మొట్టమొదట ఎత్తేది మీ లాప్‌టాప్ సంగతే. జవాబు సిద్ధం చేసుకుని కూర్చోండి.